2010 నాటి వైర్‌లెస్ ప్రింటర్‌ను వైఫై 6 మెష్‌కి కలపడం: ఒక కేస్ స్టడీ

ప్రింటర్ 2010 నాటి బ్లాక్ అండ్ వైట్ లేజర్ మల్టీఫంక్షన్. దానికి వైఫై ఉంది, యూఎస్‌బీ పోర్ట్ ఉంది, ఈథర్నెట్ పోర్ట్ లేదు. వైఫై 802.11 బి/జి, అంటే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ తప్ప ఇంకేదీ దానికి కనపడదు. వైఫై సెక్యూరిటీలో, పాత రకం నుంచి కొత్త రకానికి, డబ్ల్యూఈపీ, డబ్ల్యూపీఏ-టీకిప్, డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ వరకు తెలుసు; తర్వాతి డబ్ల్యూపీఏ3 తెలియదు. సెట్టింగులు చేసుకోవడానికి రెండు లైన్ల చిన్న డిస్‌ప్లే, నాలుగు బాణం బటన్లు ఉన్నాయి. టోనర్, డ్రమ్ బాగానే ఉన్నాయి. కాపీ బటన్ నొక్కితే శుభ్రంగా వస్తోంది.

మారింది నెట్‌వర్క్. పాత సింగిల్ బ్యాండ్ రౌటర్ తీసేసి, సర్వీస్ ప్రొవైడర్ ఇచ్చిన ఫైబర్ మోడెమ్ (ఇందులోనే ఒక రౌటర్, వైఫై ఉంటాయి) పెట్టారు. దాని వెనక రెండు యూనిట్ల వైఫై 6 మెష్ సెట్ (ఇల్లంతా ఒకే పేరుతో వైఫై ఇచ్చే పెట్టెలు) బిగించారు. ఇంట్లోని పరికరాలన్నిటిలో పాస్‌వర్డ్ మళ్లీ కొట్టే పని తప్పుతుందని మెష్‌కి పాత రౌటర్ పేరు, పాత పాస్‌వర్డే ఇచ్చారు. ఫోన్లు, టీవీ అన్నీ చడీచప్పుడు లేకుండా కలిశాయి. ప్రింటర్ కలవలేదు. దాని వైఫై లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ 'ఆఫ్‌లైన్', ఐఫోన్‌లో అసలు కనపడలేదు.

పేరు, పాస్‌వర్డ్ అవే ఉంచడం మంచి ఉపాయమే. కానీ సెక్యూరిటీ రకం కూడా పాతదే అయితేనే అది పారుతుంది. ఇక్కడ పారలేదు. పైగా ఈ కేసులో తప్పు ఒక్కటి కాదు, ఒకదాని కింద ఒకటి దాక్కున్నాయి. పైది సరిచేసినా లక్షణం మాత్రం అదే ఉంటుంది కాబట్టి, 'చేసింది పని చేయలేదు' అనుకుని వెనక్కి మార్చేసే ప్రమాదం ఉంది. ఇలాంటి వాటిలో రేడియో కలిసిందా, ఐపీ అడ్రస్ సరైందేనా, కంప్యూటర్ నుంచి దారి ఉందా, ఆ తర్వాతే డ్రైవర్ సంగతి అని వరుసగా వెళ్లాలి. చాలామంది మొదలుపెట్టేది డ్రైవర్ తీసి మళ్లీ వేయడంతో. అది చివరి మెట్టు.

ముందు ఒక కాగితం

మొదట చేయాల్సింది ప్రింటర్ నుంచే నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ రిపోర్ట్ ప్రింట్ తీయడం. మెనూలో నెట్‌వర్క్ లేదా రిపోర్ట్స్ కింద ఉంటుంది. డిస్‌ప్లే లేని మోడళ్లలో సాధారణంగా వైర్‌లెస్ బటన్‌నో, 'గో' బటన్‌నో కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే వస్తుంది. ఈ కేసులో ఆ కాగితం చెప్పింది ఇదీ:

ఎస్ఎస్ఐడీ (వైఫై పేరు): సరైనదే. అథెంటికేషన్: డబ్ల్యూపీఏ2-పీఎస్‌కే, ఏఈఎస్. లింక్: ఫెయిల్. ఐపీ అడ్రస్: 192.168.0.150. బూట్ పద్ధతి: స్టాటిక్. గేట్‌వే (రౌటర్ అడ్రస్): 192.168.0.1. ఎమ్యులేషన్: పీసీఎల్6.

రెండు తప్పులు ఇక్కడే దొరికాయి. లింక్ ఫెయిల్ అంటే రేడియో మెష్‌తో కలవలేదు. ఐపీ స్టాటిక్ అంటే ఎప్పుడో పాత రౌటర్ రోజుల్లో చేత్తో ఇచ్చిన అడ్రస్ అలాగే ఉండిపోయింది. కొత్త మెష్ ఇచ్చే అడ్రసులు 192.168.10తో మొదలవుతాయి. కాబట్టి రేడియో కలిసినా ఈ ప్రింటర్ ఎవరికీ దొరకదు. పైగా స్టాటిక్ అడ్రస్ ఉన్నప్పుడు, లింక్ లేకపోయినా డిస్‌ప్లే మీద ఐపీ కనపడుతూనే ఉంటుంది. అది చూసి 'కనెక్ట్ అయ్యే ఉంది' అనుకుంటారు. అదే ఆటోలో (రౌటరే అడ్రస్ ఇచ్చే పద్ధతిలో) ఉండి అడ్రస్ దొరకకపోతే 169.254తో మొదలయ్యే నంబరో, అన్నీ సున్నాలో కనపడి విషయం తెలిసిపోయేది.

ఎమ్యులేషన్ (ప్రింటర్‌కి అర్థమయ్యే పేజీ భాష) లైను చిన్నగా ఉంటుంది కానీ తర్వాత చాలా పనికొస్తుంది. పీసీఎల్6 లేదా పోస్ట్‌స్క్రిప్ట్ అని ఉంటే, తయారీదారు డ్రైవర్ దొరక్కపోయినా జనరిక్ డ్రైవర్‌తో గట్టెక్కవచ్చు. జీడీఐ అనో హోస్ట్ బేస్డ్ అనో ఉంటే, అంటే పేజీ తయారీ కంప్యూటరే చేయాల్సిన రకమైతే, ఆ మోడల్‌కి తగ్గ డ్రైవరే కావాలి.

తప్పు ప్రింటర్‌దా, మెష్‌దా

మెష్ సెట్టింగులు కెలికే ముందు ప్రింటర్ రేడియో బతికే ఉందో లేదో తేల్చుకోవాలి. దీనికి ఫోన్ హాట్‌స్పాట్ చాలు. ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ బ్యాండ్‌ని 2.4 గిగాహెర్ట్జ్‌కి, సెక్యూరిటీని డబ్ల్యూపీఏ2-పర్సనల్‌కి మార్చాలి. ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడళ్లలో 'మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' ఆన్ చేస్తే హాట్‌స్పాట్ 2.4కి దిగుతుంది. పేరులో ఖాళీలు, పాస్‌వర్డ్‌లో గుర్తులు లేకుండా చూసుకోవాలి. తర్వాత ప్రింటర్ మెనూలో వైర్‌లెస్ సెటప్‌కి వెళ్లి ఆ పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టాలి.

ప్రింటర్ హాట్‌స్పాట్‌తో వెంటనే కలిసింది. అంటే కార్డు, యాంటెనా బాగున్నాయి, అభ్యంతరం మెష్ మాట్లాడే తీరుతోనే. హాట్‌స్పాట్‌తో కూడా కలవకపోయి ఉంటే మెష్ జోలికి పోనక్కర్లేకుండా ప్రింటర్ నెట్‌వర్క్ రీసెట్, అదీ కాకపోతే యూఎస్‌బీ దారి.

మెష్ దగ్గర

అసలు పని ఇక్కడుంది. మెష్ 'డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 మిక్స్‌డ్' మోడ్‌లో ఉంది. పేరు వింటే పాతవాటికీ చోటున్నట్టే ఉంటుంది, సూత్రప్రాయంగా ఉంది కూడా. ఈ మోడ్‌లో రౌటర్ తన బీకన్‌లో (తానున్నానని పంపే ప్రకటనలో) రెండు రకాల తాళాలు ప్రకటిస్తుంది: పాత పీఎస్‌కే (డబ్ల్యూపీఏ2ది), కొత్త ఎస్ఏఈ (డబ్ల్యూపీఏ3ది). వాటితోపాటు మేనేజ్‌మెంట్ ఫ్రేములకు, అంటే కనెక్షన్‌ని నడిపించే సందేశాలకు, రక్షణ (పీఎంఎఫ్) ఇవ్వగలనని కూడా చెబుతుంది. బుద్ధిగా రాసిన ఫర్మ్‌వేర్ తనకు తెలియనివి వదిలేసి పీఎస్‌కే పట్టుకుంటుంది. పీఎంఎఫ్‌కి మూలమైన 802.11 డబ్ల్యూ 2009లో వచ్చింది, డబ్ల్యూపీఏ3 2018లో. అంతకు ముందు ఆలోచనలతో రాసిన ప్రింటర్ ఫర్మ్‌వేర్ కొన్నిసార్లు ఆ జాబితాలో తెలియని పదార్థం కనపడగానే మొత్తం నెట్‌వర్క్‌నే తోసిపుచ్చుతుంది. తెరమీద మాత్రం 'పాస్‌వర్డ్ తప్పు' అనో, ఉత్త 'కనెక్షన్ ఫెయిల్' అనో వస్తుంది. ఆ మాట నమ్మి పాస్‌వర్డ్ పదే పదే కొట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు.

దీనికి తోడు 'ఫాస్ట్ రోమింగ్' (802.11 ఆర్) ఆన్‌లో ఉంది. ఇది కూడా అదే జాబితాలో మరో రకం తాళాన్ని చేరుస్తుంది. గదులు మారుతూ తిరిగే ఫోన్లకు ఉపయోగం, బల్ల మీద కదలకుండా కూర్చునే ప్రింటర్‌కి తలనొప్పి.

ఇంటి నెట్‌వర్క్ మొత్తాన్ని డబ్ల్యూపీఏ2కి దించేస్తే ప్రింటర్ కలిసేదే. కానీ ఒక్క ప్రింటర్ కోసం అన్ని ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల రక్షణ తగ్గించడం తగని పని. దాని కోసం వేరే ఎస్ఎస్ఐడీ ఒకటి పెట్టడమే మేలు. చాలా మెష్ సెట్లలో స్మార్ట్ బల్బుల్లాంటి చిన్న పరికరాల కోసం 'ఐఓటీ నెట్‌వర్క్' అని ఒక ఎంపిక ఉంటుంది. ఇక్కడ దాన్ని ఇలా అమర్చాం: బ్యాండ్ 2.4 మాత్రమే, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2-పీఎస్‌కే, ఎన్‌క్రిప్షన్ ఏఈఎస్ మాత్రమే (టీకిప్ కలిసిన ఆటో మోడ్ వద్దు), పీఎంఎఫ్ డిజేబుల్, ఫాస్ట్ రోమింగ్ ఆఫ్, చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 2.4లో వైఫై 6 మోడ్‌ని విడిగా ఆఫ్ చేసే వీలుంటే, అవసరమైతేనే చివరగా అదీ ప్రయత్నించవచ్చు. ఈ కేసులో అంతదాకా రాలేదు.

గెస్ట్ నెట్‌వర్క్‌లో పెట్టకూడదు. అది సాధారణంగా 2.4లో ఉంటుంది, డబ్ల్యూపీఏ2 ఉంటుంది, ప్రింటర్ ఠక్కున కలుస్తుంది, లైటు నిలకడగా వెలుగుతుంది. కానీ గెస్ట్ నెట్‌వర్క్ ఉద్దేశమే మిగతా ఇంటి పరికరాల నుంచి వేరుచేయడం కాబట్టి ఒక్క పేజీ కూడా రాదు. ఐఓటీ నెట్‌వర్క్‌లో కూడా 'ఐసొలేషన్' అని ఒక స్విచ్ ఉండవచ్చు. దాన్ని ఆఫ్‌లో ఉంచాలి.

ఎస్ఎస్ఐడీ పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలతో పెట్టడం మంచిది. ఎస్ఎస్ఐడీకి హద్దు 32 బైట్లు. తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు మూడేసి బైట్లు తింటాయి. పది గుర్తులు దాటితే పేరు పట్టదు, పట్టినా ఆ రెండు లైన్ల డిస్‌ప్లే మీద పిచ్చిగీతలే. పాస్‌వర్డ్‌కి 8 నుంచి 63 అక్షరాల దాకా వీలుంది. బాణం బటన్లతో కొట్టాలి కాబట్టి 16 అక్షరాలు, అక్షరాలూ అంకెలూ మాత్రమే ఉండేలా పెట్టాం. పొడవు ఉంటే గుర్తులు లేని లోటు తీరుతుంది. సున్నా, పెద్ద 'ఓ' రెండూ ఆ డిస్‌ప్లేలో ఒకేలా కనపడతాయి, రెండూ వాడకపోవడమే నయం.

పాస్‌వర్డ్ కొట్టకుండా కలిపే డబ్ల్యూపీఎస్ బటన్ మీద ఆశ పెట్టుకోవద్దు. డబ్ల్యూపీఏ3 మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌లో డబ్ల్యూపీఎస్ పని చేయదు. మిగతా చోట్ల అది సాధారణంగా మెయిన్ ఎస్ఎస్ఐడీకే కలుపుతుంది, మనం విడిగా పెట్టినదానికి కాదు.

ఈ మార్పులు చేసి, ప్రింటర్‌లో ఈ కొత్త పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టాక లింక్ 'ఓకే' అయింది. ప్రింటర్‌కి డబ్ల్యూపీఏ2 కూడా తెలియక డబ్ల్యూఈపీ, టీకిప్ దగ్గరే ఆగిపోయి ఉంటే ఈ శ్రమంతా పడనక్కర్లేదు. వాటికోసం నెట్‌వర్క్ తలుపు తెరవడం తప్పు, నేరుగా యూఎస్‌బీకి వెళ్లాలి.

అడ్రస్

ప్రింటర్ మెనూలో టీసీపీ/ఐపీ కింద బూట్ పద్ధతిని స్టాటిక్ నుంచి ఆటో లేదా డీహెచ్‌సీపీకి మార్చి, ఆఫ్ చేసి ఆన్ చేశాం. 192.168.10.87 వచ్చింది. అడ్రస్‌ని స్థిరం చేయాలి, కానీ ప్రింటర్‌లో కాదు. మెష్ యాప్‌లో ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి పుట్టుకతో వచ్చే నంబరు) ఎంచుకుని 192.168.10.40ని రిజర్వ్ చేశాం. స్టాటిక్ అడ్రస్ ప్రింటర్‌లో ఉంటే రౌటర్ మారిన రోజున మళ్లీ మొదటికొస్తుంది, ఈ ఇంట్లో జరిగింది అదే. ఈథర్నెట్, వైఫై రెండూ ఉన్న ప్రింటర్లలో రెండు మ్యాక్ అడ్రసులు ఉంటాయి. రిజర్వ్ చేయాల్సింది వైర్‌లెస్‌ది.

రిజర్వ్ చేశాక ప్రింటర్‌ని మరోసారి రీస్టార్ట్ చేసి, ఫోన్ బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొట్టి ప్రింటర్ సొంత వెబ్ పేజీ తెరిచాం. ముందు హెచ్‌టీటీపీ (చివర ఎస్ లేకుండా) అని చేత్తో టైప్ చేయాలి. పాత ప్రింటర్లు సెక్యూర్ పేజీలకు వాడే టీఎల్ఎస్ 1.0 అనే పాత ఎన్‌క్రిప్షన్‌ని బ్రౌజర్లు 2020 నుంచి మానుకుంటూ వచ్చాయి. పేజీ రాకపోతే ప్రింటర్ చచ్చిందని అనుకోనక్కర్లేదు. పేజీ తెరుచుకున్నాక ఫ్యాక్టరీ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం కూడా ఆ పూటే ముగించాలి.

ఫోన్‌కి అందుతోంది, ల్యాప్‌టాప్‌కి అందడం లేదు

ఫోన్‌లో వెబ్ పేజీ వచ్చింది, ల్యాప్‌టాప్‌లో అదే అడ్రస్‌కి పింగ్ (అటువైపు పలుకుతోందా అని చూసే పరీక్ష) చేస్తే 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్'. ల్యాప్‌టాప్ ఐపీ చూస్తే 192.168.1.23. అది మెష్ మీద లేదు, ఫైబర్ మోడెమ్ సొంత వైఫై మీద ఉంది. మోడెమ్ ఒక రౌటర్, దాని వెనక మెష్ మరో రౌటర్. ఇలా రెండు మెట్లున్నప్పుడు లోపలి మెట్టు నుంచి బయటి మెట్టుకి వెళ్లొచ్చు, బయటి నుంచి లోపలికి రాలేరు. ఇంట్లో కొన్ని పరికరాలు ప్రింట్ ఇవ్వగలిగి కొన్ని ఇవ్వలేకపోతే ముందుగా చూడాల్సింది ఐపీ అడ్రసుల్లో చుక్కల మధ్య ఉండే మూడో సంఖ్య ఒకటేనా కాదా అని.

దీనికి రెండు దారులు. మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చితే రౌటర్ పని మోడెమ్ ఒక్కటే చేస్తుంది. కానీ కొన్ని సెట్లలో ఆ మోడ్‌కి వెళ్లగానే ఐఓటీ నెట్‌వర్క్ లాంటి సదుపాయాలు పోతాయి, అడ్రస్ రిజర్వేషన్ మోడెమ్‌లో మళ్లీ చేసుకోవాలి. అందుకని ఇక్కడ రెండో దారి తీసుకున్నాం: మోడెమ్ వైఫైని ఆఫ్ చేయడం, దానికి నేరుగా కేబుల్‌తో ఉన్న డెస్క్‌టాప్‌ని మెష్ యూనిట్ ల్యాన్ పోర్ట్‌కి మార్చడం. ల్యాప్‌టాప్ మెష్ మీదికి వచ్చింది, పింగ్ జవాబు వచ్చింది.

విండోస్‌లో

ఇప్పుడు డ్రైవర్ వంతు. పాత ప్రింటర్ ఎంట్రీ డబ్ల్యూఎస్‌డీ పోర్ట్ మీద ఉంది. ఈ పోర్ట్ ప్రింటర్‌ని తనే వెతికి పట్టుకుంటుంది, నెట్‌వర్క్ మారితే తడబడుతుంది. దాన్ని తీసేసి ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో మాన్యువల్‌గా చేర్చే ఎంపికతో, టీసీపీ/ఐపీ డివైస్‌గా 192.168.10.40 ఇచ్చాం. ప్రోటోకాల్ 'రా' (raw), పోర్ట్ 9100. డ్రైవర్ తయారీదారు సైట్‌లోని 64 బిట్ పీసీఎల్6. విండోస్ 7 కోసం వచ్చిన 64 బిట్ ప్రింటర్ డ్రైవర్లు విండోస్ 11లో తరచుగా పని చేస్తాయి. ల్యాప్‌టాప్ ఏఆర్ఎం ప్రాసెసర్‌ది అయితే మాత్రం కుదరదు, దానికి ఏఆర్ఎం64 డ్రైవరే కావాలి.

పోర్ట్ కాన్ఫిగర్ చేసే చోట 'ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్' అనే టిక్ ఉంటుంది. దాన్ని తీసేశాం. విండోస్ ఎస్ఎన్ఎంపీతో (పరికరం స్థితి తెలుసుకునే పద్ధతి) అడిగే ప్రశ్నకు పాత ప్రింటర్ అది ఎదురుచూసే జవాబు ఇవ్వకపోతే, ప్రింటర్ బాగున్నా 'ఆఫ్‌లైన్' ముద్ర వేసి పేజీలు క్యూలో ఆపేస్తుంది. ఈ కేసులో పేజీ రావడానికి అడ్డంగా ఉన్న ఆఖరిది అదే.

విండోస్ 11 24హెచ్2 నుంచి 'విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్' అని ఒకటి ఉంది. అది ఆన్ చేస్తే తయారీదారు డ్రైవర్లతో నడిచే ప్రింటర్లన్నీ జాబితాలోంచి పోతాయి. ఇలాంటి ప్రింటర్ ఉన్న ఇంట్లో దాన్ని ముట్టుకోకూడదు. ఆఫీస్ వీపీఎన్ ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్ కూడా ఇంటి నెట్‌వర్క్‌ని చూడలేకపోవచ్చు. దానికి వీపీఎన్ ఆపి ప్రింట్ ఇవ్వడమే సులువు.

మర్నాటికి మళ్లీ మాయం

రాత్రి పని చేసిన ప్రింటర్ పొద్దున లేదు. రిపోర్ట్ తీస్తే లింక్ ఫెయిల్. రాత్రివేళ మెష్ తనంతట తానే చానళ్లు సర్దుకునే ఆప్షన్ ఆన్‌లో ఉంది, 2.4ని చానల్ 13కి జరిపింది. ప్రింటర్ 1 నుంచి 11 వరకే వింటుంది. ఆటో ఆఫ్ చేసి చానల్ 6లో బిగించాం. 1, 6, 11 ఒకదానిమీద ఒకటి పడవు కాబట్టి చుట్టుపక్కల ఏది ఖాళీగా ఉంటే అది ఎంచుకోవచ్చు. ప్రింటర్ దగ్గర సిగ్నల్ మైనస్ 67 డీబీఎం కంటే మెరుగ్గా (సున్నాకి దగ్గరగా) ఉండాలి. ఇనుప బీరువా పక్కన ఉంటే ఆ అంకె గబగబా పడిపోతుంది.

చానల్ గానీ పీఎంఎఫ్ గానీ మార్చనివ్వని మెష్ సెట్లు కూడా ఉన్నాయి. అప్పుడు తీసిపక్కన పెట్టిన పాత రౌటర్‌నే ప్రింటర్ కోసం యాక్సెస్ పాయింట్‌గా వాడొచ్చు. ముందు దాన్ని ల్యాప్‌టాప్‌కి మాత్రమే కేబుల్‌తో కలిపి, ల్యాన్ అడ్రస్‌ని మెష్ వరుసలో ఖాళీగా ఉన్నదానికి (ఇక్కడైతే 192.168.10.2) మార్చి, డీహెచ్‌సీపీ సర్వర్ ఆఫ్ చేసి, డబ్ల్యూపీఏ2-ఏఈఎస్, చానల్ 6, కొత్త పేరు పెట్టాలి. తర్వాత మెష్ యూనిట్ నుంచి వచ్చే కేబుల్‌ని దాని ల్యాన్ పోర్ట్‌లో గుచ్చాలి. వ్యాన్ (ఇంటర్నెట్) పోర్ట్‌లో గుచ్చితే మళ్లీ రెండు మెట్ల రౌటర్ తయారవుతుంది. డీహెచ్‌సీపీ ఆఫ్ చేయడం మరిస్తే ఇంట్లో చాలా పరికరాలకు ఇంటర్నెట్ పోతుంది, ఎందుకంటే అవి దారి తెలియని రౌటర్ నుంచి అడ్రసులు తీసుకుంటాయి.

ఫోన్లు, స్కానింగ్

డ్రైవర్ లేకుండా ఐఫోన్ నుంచి ప్రింట్ ఇచ్చే ఎయిర్‌ప్రింట్ 2010 నవంబర్‌లో ఐఓఎస్ 4.2తో వచ్చింది. ఈ ప్రింటర్‌కి అది తెలియదు, ఏ సెట్టింగ్‌తోనూ రాదు. మధ్యవర్తి కావాలి: రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న లినక్స్ కంప్యూటర్‌లో కప్స్ (ప్రింట్ సర్వర్), అవాహి (దాన్ని నెట్‌వర్క్‌లో చాటే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేసి, ప్రింటర్‌ని 9100 పోర్ట్ మీద జనరిక్ పీసీఎల్6 డ్రైవర్‌తో చేర్చి 'షేర్' టిక్ పెట్టాం. అవాహి దాన్ని ఎయిర్‌ప్రింట్ ప్రింటర్‌గా ప్రకటిస్తుంది, ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ కనపడింది. తయారీదారుల లినక్స్ డ్రైవర్లు తరచూ ఇంటెల్ రకం ప్రాసెసర్లకే ఉంటాయి, రాస్ప్‌బెర్రీ పై మీద నడవవు. పీసీఎల్6 కలిసొచ్చింది ఇక్కడే. ఫోన్ ప్రింటింగ్ తప్పనిసరి అని మొదటే తెలిసి, ప్రింటర్ పక్కన ప్లగ్ ఉంటే, రాస్ప్‌బెర్రీ పైని యూఎస్‌బీతో ప్రింటర్‌కి కలిపి ప్రింటర్ వైఫైని మూసేయడమే నా సిఫారసు. పైన చెప్పిన వైఫై గొడవలో ముప్పాతిక వంతు తప్పుతుంది. ఇక్కడ ల్యాప్‌టాప్‌లోని స్కాన్ సాఫ్ట్‌వేర్ ప్రింటర్‌ని నెట్‌వర్క్ మీదే వెతుకుతుంది కాబట్టి వైఫై ఉంచాం.

ప్రింటర్ నుంచి నేరుగా ఫోల్డర్‌కి స్కాన్ పంపే సదుపాయం ఎస్ఎంబీ1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి మీద నడుస్తుంది. 2017 చివర వచ్చిన విండోస్ 10 1709 నుంచి అది దానంతట అది ఆన్‌లో ఉండటం ఆగిపోయింది. దాన్ని తిరిగి ఆన్ చేయమనే సలహాలు చాలా దొరుకుతాయి. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది ఈ ఎస్ఎంబీ1 లోపం మీదుగానే కాబట్టి ఆ పని చేయలేదు. ప్రింటర్‌కి ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే పాత పద్ధతి) వచ్చు, రాస్ప్‌బెర్రీ పై మీద ఒక ఫోల్డర్‌కి ఎఫ్‌టీపీ తెరిచి స్కాన్‌లు అక్కడికి మళ్లించాం. ఆ యూజర్‌కి ఆ ఒక్క ఫోల్డర్ తప్ప ఇంకేదీ అందకూడదు, పాస్‌వర్డ్ కూడా ఇంకెక్కడా వాడనిది కావాలి, ఎందుకంటే ఎఫ్‌టీపీలో అది దాపరికం లేకుండా ప్రయాణిస్తుంది. ఈమెయిల్‌కి స్కాన్ మాత్రం వదిలేశాం. ప్రింటర్ టీఎల్ఎస్ 1.0 దగ్గరే ఉంది, మెయిల్ సర్వర్ దాన్ని లోపలికి రానివ్వలేదు.

మెష్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడు ఐఓటీ నెట్‌వర్క్‌లో పీఎంఎఫ్, ఫాస్ట్ రోమింగ్, చానల్ ఈ మూడూ ఫ్యాక్టరీ విలువలకి తిరిగిపోవచ్చు. ప్రింటర్ మళ్లీ కనపడకుండా పోతే డ్రైవర్ జోలికి వెళ్లకుండా ముందు ఆ మూడు చూసుకుని, రిపోర్ట్ కాగితం ఒకటి తీయాలి.